మావ బార

కొండ మీది గురుకులం,
జూన్ 23

మావకి,

ఝాన్సీ నమస్కారాలు. చేరాను. బస్సు దిగాక జీపు, జీపు దిగాక నడక. నా పెట్టె మోసిన మనిషి దారి పొడుగునా నా పుస్తకాల బరువును తిట్టుకుంటూనే వచ్చాడు. పాడేరు దాటాక ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే పోయాయి. ఇక్కడ సిగ్నల్ కావాలంటే స్కూలు వెనక గుట్ట ఎక్కాలి, అదీ వాన లేని రోజున. ఎక్కినా నీకు ఫోన్ చేయడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. కోపం తెచ్చుకోకు, ఈ మాట నీదే. అందుకని మనకు ఉత్తరాలే గతి.

ఏడో తరగతి ఇచ్చారు. ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలు. మొదటి పాఠమే బీజీయ సమాసాలు. బోర్డు మీద 4x + y అని రాశాను. ఒక పిల్ల లేచి, "టీచర్, x అంటే ఎంత?" అంది. ఎంతైనా కావచ్చు అన్నాను. "ఎంతో తెలీనప్పుడు ఎందుకు రాశారు?" అంది. పుస్తకంలో దానికి జవాబు లేదు మావా. 

రాత్రి పడుకున్నాక నువ్వు గుర్తొచ్చావు. నూతులు తవ్వే రోజుల్లో చేంతాడును ఛాతీ మీదుగా లాగి, ఈ చేతి వేళ్ల కొస నుంచి ఆ చేతి వేళ్ల కొస దాకా ఒక బార అనేవాడివి. మోచేతి నుంచి వేళ్ల కొస దాకా మూర. నేను ఎనిమిదో తరగతిలో స్కేలు పట్టుకుని నిన్ను గోడకు నిలబెట్టి కొలిచాను, జ్ఞాపకం ఉందా? నీ బార నూట డెబ్భై నాలుగు సెంటీమీటర్లు, నీ మూర నలభై నాలుగు. మర్నాడు పిల్లలకు అదే చెప్పాను. ఎవరి బార ఎంతో తెలియకపోయినా నూతి లోతు బారల్లో రాసుకోవచ్చు, కొలిచే మనిషి తెలిశాక అంకె వేసుకోవచ్చు అని. x తీసేసి బారకు b, మూరకు m అని రాశాను. అందరికీ ఒక్కసారి తెలివొచ్చింది.

అందుకని నాకొక పని చేసి పెట్టు. మన నూతికి రాయి కట్టి తాడు వేసి, గట్టు నుంచి నీళ్ల దాకా ఎంత, అడుగు దాకా ఎంత, రాసి పంపు. నెలనెలా నీళ్ల మట్టం రాస్తే పిల్లలకు లెక్క, నాకు నీ క్షేమం.

ఇంకొకటి. వచ్చే వారం ఊళ్లో కిడ్నీ జబ్బుకు రక్త పరీక్షల క్యాంపు అన్నారు. ఎగ్గొట్టకు. అమ్మ చివరి రెండేళ్లూ ఎడమ చెయ్యి మడిచి కొంగు కింద దాచుకునే కూర్చుంది. డయాలసిస్ కోసం కుట్టిన చోటు, చాచవచ్చని డాక్టర్లు చెప్పినా నమ్మలేదు, తెగిపోతుందని భయం. నాకు జడ వేయడం కూడా మానేసింది. అత్త పోయింది, అమ్మ పోయింది. మిగిలింది నువ్వూ నేనూ. నీకు ఏదైనా అయిందని తెలిస్తే ఈ ఉద్యోగం వదిలి మర్నాడే వచ్చేస్తాను, అమ్మ కోసం బి.ఇడి. మధ్యలో వదిలేసి వచ్చినట్టే. బెదిరింపే అనుకో.

నీ మేనగోడలు,
ఝాన్సీ


అక్కుపల్లి,
జూలై 3

ఝాన్సీలక్ష్మికి మావ దీవించి రాసేది.

ఇక్కడ నేను, పిల్లి, ఇరవై రెండు కొబ్బరిచెట్లు క్షేమం. నోరు తెరిస్తే మన యాసే గాని, కలం పట్టుకుంటే నాకు పుస్తకం భాష తప్ప రాదు. ఎనిమిదో తరగతిలో తెలుగు మేష్టారు బెత్తంతో నేర్పించారు. చదువు అక్కడితో ఆగింది గాని దెబ్బలు ఇంకా పనిచేస్తున్నాయి.

నువ్వు చెప్పినట్టే రాయి కట్టి తాడు వేశాను. గట్టు నుంచి నీళ్ల దాకా నాలుగు బారల ఒక మూర. అడుగు దాకా ఆరు బారల రెండు మూరలు. పక్క తోట నారాయణరావు గట్టు మీద కూర్చుని, "ఏట్రా, నూతికి కొలత్తీసి సొక్కా కుట్టిత్తావేటి?" అని ఒకటే నవ్వు. వాడు సర్పంచి పదవి దిగి పదేళ్లయినా ఊళ్లో ప్రతి పనికీ సాక్షి సంతకం వాడిదే. ఈ మధ్య పలాస పనులు పడితే వాడే నన్ను మోటారు సైకిల్ వెనక ఎక్కించుకుంటున్నాడు. నాతో అరిచి మాట్లాడే ఓపిక ఊరు మొత్తం మీద వాడొక్కడికే ఉంది. మిగతావాళ్లు చెయ్యి ఊపి వెళ్లిపోతారు.

x కుర్చీలో నా చేతుల్ని కూర్చోబెట్టావన్నమాట. మంచిదే. అయితే పిల్లలకు ఒక మాట చెప్పు. x మారుతుందేమో గాని మీ టీచరు మావ బార మారదని. ముప్పై ఏడు నూతులు తవ్వాను. ఒక్కదానికీ లోపల దించే సిమెంటు వర ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. టేపు పట్టుకొచ్చిన ఇంజనీర్లు కూడా చివరికి, "పోలారావా, నువ్వోపాలి కొలిసి సెప్పు" అనేవారు.

రక్త పరీక్ష చేయించుకున్నాను. క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఒకటి. బాగుందన్నారు. ఇక ఆ ఊసు ఎత్తకు. నువ్వు అక్కడ కుదురుగా ఉండు. వానలో తిరగకు.

మావ,
పోలారావు


కొండ మీది గురుకులం,
జూలై 14

మావకి,

ఒకటి పాయింట్ ఒకటి! ఆ అంకె చదివి వార్డెన్ గదిలోకి వెళ్లి ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. సంతోషానికే. ఇక్కడ నా సంతోషం చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. తోటి టీచరు నాగమణి పురుటికి సెలవు మీద వెళ్లింది. పిల్లలు పడుకున్నాక రేకుల మీద వాన, నేను. ఒక్కోసారి బోర్డు తుడుస్తూ బోర్డుతోనే మాట్లాడుతున్నాను.

నీ కొలతలతో మూడు రోజులు పాఠం నడిచింది. నూతిలో నీళ్లు ఎంత లోతున్నాయి అని అడిగాను. అడుగు కొలతలోంచి నీళ్ల కొలత తీసేయాలి. (6b + 2m) లోంచి (4b + m) పోతే 2b + m. రెండు బారల ఒక మూర నీళ్లు. ఒక పిల్ల ఆ రెండింటినీ కలిపేసి 3bm అంది. "మీ ఇంట్లో మూడు కోళ్లూ రెండు కుండలూ ఉంటే ఐదు కోడికుండలు అంటావా?" అన్నాను. క్లాసు పగలబడి నవ్వింది. సజాతి పదాలంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది.

తర్వాత అందరూ ఒకరి బార ఒకరు కొలుచుకున్నారు. ముప్పై ఎనిమిది బారలు, ముప్పై ఎనిమిది అంకెలు. నన్ను కూడా కొలుస్తామని పట్టుబట్టారు. వరండాలో చేతులు చాచి నిలబడితే చెరోపక్క ఒక పిల్ల తాడు పట్టింది. నా బార నూట యాభై ఎనిమిది. అలా రెండు చేతులూ చాచి నిలబడి ఎన్నాళ్లయిందో అనిపించింది మావా. చాచడానికి ఎదురుగా ఎవరైనా ఉండాలి కదా.

రిపోర్టు కాగితం తర్వాతి ఉత్తరంలో పెట్టి పంపు. నమ్మక కాదు. దగ్గర పెట్టుకుందామని.

ఝాన్సీ


అక్కుపల్లి,
ఆగస్టు 11

ఝాన్సీకి మావ దీవెనలు.

ఆలస్యమైంది. ఊడ్పుల పనులు, కూలీలు దొరక్కపోవడం, ఇవన్నీ నీకు తెలిసినవే. రిపోర్టు కాగితాన్ని పిల్లి చింపేసింది. దానికి కాగితం కనబడితే చాలు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. చెరువు గట్టు దాకా వచ్చింది. నూతి కొలత అడిగావు కదా, నిన్ననే వేశాను. గట్టు నుంచి నీళ్ల దాకా నాలుగు బారల ఒక మూర. కిందటి సారి ఎంత ఉందో ఇప్పుడూ అంతే. చిత్రమే. నాకూ అర్థం కాలేదు.

ఒక సలహా కావాలి. నూతికి మోటారు పెట్టిద్దామనుకుంటున్నాను. ఇన్నాళ్లూ మోటారు పెట్టుకున్నవాళ్లను సోమరిపోతులని వెక్కిరించినవాణ్ణే, ఒప్పుకుంటాను. వయసొచ్చింది. నీళ్లలో మునిగి ఉండే రకం మంచిదని ప్రకాష్ అంటున్నాడు. ఊళ్లో మోటార్లు బిగించేది అతనే. పైపు ఎంత పొడుగు కావాలో లెక్క కట్టి రాయి. నారాయణ కూడా తన తోటలో రెండు వందల అడుగుల బోరు వేయించాడు. చూస్తే మోజు పుట్టింది, అంతే.

సాయంత్రాలు సముద్రం ఒడ్డుకు వెళ్తున్నాను. హోరు ఇప్పుడు బొత్తిగా వినబడదు. గాలి మొహానికి గట్టిగా తగిలితే ఇవాళ కెరటాలు పెద్దవన్నమాట అనుకుంటాను. చీకటి పడే దాకా కూర్చుని వస్తాను. ఇంటికి త్వరగా వచ్చి చేసేది కూడా ఏమీ లేదు.

మావ


కొండ మీది గురుకులం,
ఆగస్టు 20

మావకి,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. నీ మీద కాదు. చెరువు నిండిందంటావు, నూతిలో నీళ్లు ఒక్క మూర కూడా పైకి రాలేదంటావు. ఇసుక నేల, పక్కనే చెరువు, నెలన్నర వాన. బారెడు నీళ్లైనా పెరగాలి. పెరగలేదంటే ఎవరో తాగేస్తున్నారు. నీ ఉత్తరంలోనే జవాబు ఉంది. నారాయణరావు గారి రెండు వందల అడుగుల బోరు.

స్నేహం స్నేహమే, నీళ్లు నీళ్లే. మోటారు సైకిల్ ఎక్కించుకున్నంత మాత్రాన నీ నుయ్యి ఆరబెడతారా? వెళ్లి అడుగు. నీకు మొహమాటమైతే చెప్పు, నేనే ఆయనకు ఉత్తరం రాస్తాను. లెక్క నా దగ్గర ఉంది. లెక్కకు మొహమాటం లేదు.

ఇక పైపు సంగతి. మోటారు అడుగుకు ఆనితే ఇసుక పీల్చి పాడైపోతుంది. అడుగుకు రెండు మూరలు పైన వేలాడాలి. అంటే 6b + 2m లోంచి 2m తీసేయాలి. మూరలు మూరలకు పోయి 6b మిగిలింది. సరిగ్గా ఆరు బారలు. నీ బార నూట డెబ్భై నాలుగు కాబట్టి పది మీటర్ల నలభై నాలుగు సెంటీమీటర్లు. షాపులో ఈ అంకె చూపించు. ఈ లెక్క ఏడో తరగతి పిల్లలే చేశారు. "మన లెక్కతో నిజంగా మోటారు పెడతారా టీచర్?" అని రోజూ అడుగుతున్నారు. నా పాఠానికి ఇంత గౌరవం ఎప్పుడూ దొరకలేదు.

దసరా సెలవులకు వస్తున్నాను. వేరుసెనగ ఉండలు చేసి తెస్తాను.

ఝాన్సీ


అక్కుపల్లి,
సెప్టెంబరు 8

ఝాన్సీకి మావ రాసేది.

నువ్వు అడగమన్నట్టే నారాయణను అడిగాను. నాకు వినబడదు కాబట్టి నేను మాట్లాడేది ఎంత గట్టిగా ఉంటుందో నాకు తెలియదు. వీధి మొత్తం గుమిగూడింది. "నీ నూతి నీల్లు నా బోరు తాగేసిందని ఎవలు సెప్పినార్రా?" అన్నాడు. నా మేనగోడలు లెక్క కట్టింది అన్నాను. వాడు నా చెవి దగ్గరికొచ్చి ఒక్కొక్క మాటా విడదీసి అరిచాడు. "ఐతే ఆ లెక్కనే ఎక్కించుకుని పలాస ఎల్లు. నా బండి మాత్రం ఎక్కకు." నలభై ఏళ్ల స్నేహం. ఇక వాడి పేరు మన ఉత్తరాల్లో వద్దు.

నాకేం నష్టం లేదు. బస్సులోనే వెళ్తున్నాను. మంగళవారం, శుక్రవారం బస్సు ఖాళీగానే ఉంటుంది.

పైపు తెచ్చాను. షాపువాడు టేపు తీశాడు. అది లోపల పెట్టు, నా చేతులున్నాయి అని ఆరు బారలు నేనే కొలిచి కోయించాను. ఇంటికొచ్చాక ప్రకాష్ దాన్ని మళ్లీ తన టేపుతో కొలిచాడు. "తాతా, ఇది కురసగా ఉన్నాది. మీ టీచరమ్మ కాయితంలో పది మీటర్ల నలబై నాలుగని ఉంటే ఇది ఎనిమిది తొంబై నాలుగే వచ్చింది. మే నెల్లో నీల్లు కిందికెల్లిపోతే మోటారు కాలిపోద్ది" అన్నాడు. నీ టేపు సాగిపోయింది, కొత్తది కొనుక్కో అన్నాను. అతనికి కోపం వచ్చి పైపును అలాగే చుట్టి నూతి పక్కన పడేసి పోయాడు. నిన్నకాక మొన్న పుట్టినవాడు నా బారకు వంకలు పెడతాడు.

దసరాకు రాకు. ఇంటికి సున్నం వేయిస్తున్నాను, పడుకోవడానికి చోటుండదు. దారులు కూడా బాగోలేవు. సంక్రాంతికి చూద్దాం.

మావ


కొండ మీది గురుకులం,
సెప్టెంబరు 17

మావా,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. పైపు కురచైన సంగతి చదివి నవ్వుకున్నాను. మావా టేపూ కొట్లాడుకున్నారు, పిల్లలకు మంచి లెక్క దొరికిందనుకున్నాను. ఇన్నాళ్లూ మనది ఉత్త సమాసం, దానికి సమానం గుర్తు లేదు. ఇప్పుడు ప్రకాష్ టేపు దాన్ని తెచ్చి పెట్టింది. బోర్డు మీద 6b = 894 అని రాసి, b ఎంత అని అడిగాను. ముప్పై ఎనిమిది మందీ ఒక్కసారే నూట నలభై తొమ్మిది అని అరిచారు.

శ్రావణి అనే పిల్ల నోటుబుక్కు వెనక్కి తిప్పుతూ లేచింది. "టీచర్, జూన్‌లో మావయ్య బార నూట డెబ్భై నాలుగని రాయించారు. మారదన్నారు కదా?"

నేను బోర్డు వైపు తిరిగి 174 లోంచి 149 తీసేశాను. ఇరవై ఐదు సెంటీమీటర్లు. టేపు సాగితే ఇంత తేడా రాదు మావా. మనిషి చెయ్యి మోచేతి దగ్గర మడిచి ఉంచుకుంటే వస్తుంది. అలా మడుచుకున్న చెయ్యిని నేను రెండేళ్లు చూశాను, దాని పక్కనే పడుకున్నాను. అమ్మ డయాలసిస్ రోజులు సోమవారం, గురువారం. నీవి మంగళవారం, శుక్రవారం.

చేంతాడు లాగలేకే మోటారు కావలసి వచ్చింది నీకు. కాగితాన్ని పిల్లి చింపలేదు. ఇంటికి సున్నం లేదు. ఇన్ని అబద్ధాలు రాసినవాడివి కొలతలు మాత్రం ఒక్క మూర మార్చకుండా నిజం రాశావు. అవే నిన్ను పట్టిచ్చాయి.

నామీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. ఆగస్టు కొలతకు కొత్త b వేసి చూశాను. నాలుగు నూట నలభై తొమ్మిదులు, ఒక మూర, ఆరు వందల నలభై. జూలైలో ఏడు వందల నలభై. నీళ్లు మీటరు పైకి వచ్చాయి! నారాయణరావు గారి బోరు చుక్క కూడా తాగలేదు. నీకు తోడుగా పలాస వచ్చే ఒకే ఒక్క మనిషిని, ఇక్కడ కొండ మీద కూర్చుని, సుద్దముక్కతో నేను కొట్టేశాను. మారదని నువ్వు చెప్పిన మాటను అంకెలాగా వేసేసుకున్నాను. కొలిచే మనిషి ఎలా ఉన్నాడని ముందు చూసుకోవాలని పిల్లలకు చెప్పేదాన్నే నేను. ఆయనకు వేరే ఉత్తరం రాశాను. కాళ్లు పట్టుకున్నట్టే రాశాను.

నీకు ఏదైనా అయితే ఉద్యోగం వదిలి వచ్చేస్తానని మొదటి ఉత్తరంలో రాసింది నేనే. ఆ బెదిరింపే నీ నోరు కట్టేసింది కదూ? సరే, మాటిస్తున్నాను. ఉద్యోగం వదలను. మన వైపు బదిలీకి అర్జీ పెడతాను, వచ్చినప్పుడు వస్తుంది. దసరాకు మాత్రం వస్తున్నాను, సున్నం మీదే పడుకుంటాను. బదులుగా నువ్వు ఒక్క మాట ఇవ్వు. ఇక నాకు అబద్ధం రాయకు. నువ్వూ దాచేస్తే నాకు ఈ లోకంలో నిజం చెప్పేవాళ్లు ఎవరున్నారు?

పార్సిల్‌లో తాడు పంపుతున్నాను. సంతలో నూలు తాడే దొరికింది. నూట యాభై ఎనిమిది సెంటీమీటర్లు. నా బార. రెండు చేతులూ బాగా చాచి, పిల్లల చేత రెండుసార్లు కొలిపించి కోశాను. నీ చెయ్యి మడిచే ఉంచుకో, భయమైతే చాచకు. నుయ్యి ఇక నా బారతో కొలువు.

ఝాన్సీ


అక్కుపల్లి,
సెప్టెంబరు 29

ఝాన్సీ తల్లికి,

ఉత్తరం, తాడు ఒకే రోజు వచ్చాయి. ఉత్తరం పోస్టాఫీసు అరుగు మీదే చదివాను. పోస్టు మాస్టరమ్మ లక్ష్మీకుమారి నా మొహం చూసి, "ఏటైనాది బాబూ, ఏటి కబురు?" అని సైగ చేసింది. లెక్క తేలిందమ్మా అన్నాను.

నీ లెక్కలో తప్పు లేదు. క్యాంపులో ఒకటి పాయింట్ ఒకటి రాలేదు. తొమ్మిది దాటింది. ఆ కాగితం జేబులో పెట్టుకునే నీకు జూలై ఉత్తరం రాశాను. ఆ నెలలోనే డయాలసిస్ కోసం ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు. నారాయణ నా పక్కనే ఉన్నాడు. నీకు చెప్పనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. నీకు ఉద్యోగం రావడానికి ఆరేళ్లు పట్టింది. మీ అమ్మ కోసం ఒకసారి నీ చదువు ఆగింది. నా కోసం రెండోసారి ఆగితే పైకి పోయాక దానికి నేనేం చెప్పుకోవాలి?

చెయ్యి చాచవచ్చనే డాక్టరు అన్నారు. నాకే ధైర్యం చాలలేదు. ఆడది భయపడిందని మీ అమ్మను అప్పట్లో కసిరాను. ఇప్పుడు తెలుస్తోంది. పైపు కొలిచిన రోజున షాపులోనే అనుమానం వచ్చింది, ఆరు బారలంటే ఇంతేనా అని. అయినా టేపుదే తప్పన్నాను. ముప్పై ఏడు నూతులు తవ్విన చేతులు. అవి కురచయ్యాయని ఒప్పుకుంటే ఇక నా దగ్గర ఏం మిగులుతుంది? మన వైపు ఇంటింటికీ ఈ రోగం ఎందుకొస్తుందో ఏ డాక్టరూ ఇదమిత్థమని చెప్పలేదు. నాకు మాత్రం పడుకుంటే నేను తవ్విన నూతులే గుర్తొస్తాయి. ఆ నీళ్లే కదా ఊరంతా తాగింది, మీ అమ్మ తాగింది.

ఇక అబద్ధం రాయనని మాటిస్తున్నాను కాబట్టి ఇంకొకటి కూడా రాస్తాను. మెషిను దగ్గర నాలుగు గంటలు పడుకోవాలి. ఎదురు మంచం మీద టెక్కలి మనిషికి భార్య ఇడ్లీ తుంచి నోట్లో పెడుతుంది. పక్కతనికి కొడుకు ఫోన్‌లో ఏదో చూపిస్తాడు. అందరికీ మెషిను చప్పుడైనా ఉంటుంది, నాకు అదీ లేదు. గోడ గడియారం చూస్తాను. నారాయణ మాట్లాడడం మానేశాక ఆ గడియారం ముల్లు మరీ నెమ్మదించింది. భయం కంటే అదే ఎక్కువ బాధపెట్టింది తల్లీ.

తనకు నువ్వు రాసిన ఉత్తరం అందాక వాడు వచ్చాడు. నూతి గట్టు మీద నిలబడి దాన్ని నాకు వినబడేలా చదివాడు, అంటే ఊరందరికీ వినబడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బండి స్టార్ట్ చేసి, వెనక సీటు మీద చేత్తో కొట్టి చూపించాడు. ఎక్కాను. ప్రకాష్ కూడా కొత్త పైపు తెచ్చి మోటారు బిగించాడు, పది మీటర్ల నలభై నాలుగు, నా ఎదురుగా టేపుతోనే కొలిచాడు. నీళ్లు బాగా వస్తున్నాయని నీ పిల్లలకు చెప్పు. శ్రావణికి ప్రత్యేకంగా చెప్పు.

పిల్లికి నువ్వు వచ్చాక క్షమాపణ చెప్పాలి. దసరాకు రా.

తాడు సంగతి. తాడూ బొంగరం లేనివాడినని ఊళ్లో నన్ను అంటారు. ఇక అనలేరు. మంగళవారం సంచిలో పెట్టుకుని పలాస తీసుకెళ్లాను. నర్సమ్మ చూసి, "తాడెందుకు తాతా, మంచానికి కట్టేసుకుంటావేటి?" అంది. మా మేనగోడలి బార అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. కుడి చేత్తో ఒంటి చుట్టూ తిప్పుకుంటే దాదాపు రెండు చుట్లు వచ్చింది. అంత చిక్కిపోయాను. నాలుగు గంటలూ అలాగే పడుకున్నాను.

దాంతో నుయ్యి కొలవమన్నావు. కొలవలేదమ్మా. నూలు తాడు తడిస్తే కురచైపోతుంది.

మావ,
పోలారావు